పార్కిన్సన్స్: గడియారంతో సాగే జీవితం, ఆసుపత్రి పడక దాటని ఆదరణ

పార్కిన్సన్స్ వ్యాధిపై దేశంలో జరిగే బహిరంగ చర్చ ఏటా ఏప్రిల్ 11న మొదలై దాదాపు అదే రోజున ముగుస్తుంది. ఈ వ్యాధి లక్షణాలను 1817లో తొలిసారి ఒక క్రమంలో గ్రంథస్థం చేసిన లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ జన్మదినం అది. ఆ రోజు ఆసుపత్రులు అవగాహన సదస్సులు జరుపుతాయి. కొత్త శస్త్రచికిత్సలపై ప్రకటనలు వెలువడతాయి. ఏడాదిలో మిగిలిన రోజులను మాత్రం రోగులు తమ ఇళ్లలో, ఒక మోతాదుకూ మరో మోతాదుకూ నడుమ గడుపుతారు. పదేళ్లు, పదిహేనేళ్లు, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం సాగే ఆ జీవితానికి ప్రభుత్వ పథకాలలో, బీమాలో, ధ్రువపత్రాల విధానంలో ఎంత చోటుందన్నది ఇప్పుడు అడగవలసిన ప్రశ్న.

ప్రశ్న చిన్నదేమీ కాదు. 2019లో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధితో జీవిస్తున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. గడచిన పాతికేళ్లలో బాధితుల సంఖ్య రెట్టింపైందని కూడా ఆ సంస్థ పేర్కొంది. 2025 మార్చిలో బీఎంజే వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2050 నాటికి ఈ సంఖ్య సుమారు 2.5 కోట్లకు చేరవచ్చు. భారతదేశంలో 2016 నాటికే దాదాపు 5.8 లక్షల మంది బాధితులున్నట్లు అంతర్జాతీయ అంచనాలు చెబుతున్నాయి. వయసుతో పెరిగే వ్యాధి కావడం వల్ల, వృద్ధుల వాటా జాతీయ సగటు కంటే వేగంగా పెరుగుతున్న దక్షిణాది రాష్ట్రాలకు ఇది మరింత దగ్గరి విషయం.

పేరే తప్పుదోవ పట్టిస్తోంది

తెలుగులో ఈ వ్యాధిని వణుకుడు వాతమనీ, కంపవాతమనీ అంటారు. జేమ్స్ పార్కిన్సన్ తన గ్రంథానికి పెట్టుకున్న పేరులోనూ వణుకే ఉంది. అయితే నిర్ధారణ సమయానికి దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి వణుకు కనిపించదు. వ్యాధికి అసలు గుర్తు కదలికలు మందగించడం. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పట్టే సమయం పెరుగుతుంది. నడిచేటప్పుడు ఒక చేయి ఊగడం మానేస్తుంది. రాసేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి. వణుకు లేదన్న ధైర్యంతో కుటుంబాలు ఈ మార్పులను వయసు ఖాతాలో వేస్తాయి. భుజం పట్టేసిందని ఎముకల వైద్యుడి దగ్గర ఏడాది రెండేళ్లు గడిపిన తర్వాత న్యూరాలజిస్టు దగ్గరకు చేరేవారూ ఉంటారు.

మధ్య మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం ఈ వ్యాధికి మూలం. బయటికి లక్షణాలు కనిపించే నాటికే ఆ కణాలలో గణనీయమైన భాగం పోయి ఉంటుంది. అంతకు కొన్నేళ్ల ముందే వాసన తెలియకపోవడం, మొండి మలబద్ధకం, నిద్రలో కలలకు తగ్గట్టు చేతులు కాళ్లు విసరడం, కారణం లేని దిగులు వంటివి రావచ్చు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా పార్కిన్సన్స్‌కు రుజువు కాదు. కదలికలు మందగించడం కూడా వీటికి తోడైతే ఆలస్యం చేయరాదు.

వ్యాధి ముఖాన్ని, గొంతును కూడా మారుస్తుంది. ముఖ కండరాలు బిగుసుకుపోవడంతో మనిషి నవ్వినా నవ్వినట్లు ఉండదు. ఇంట్లోవారికి అది ముఖం గంటు పెట్టుకున్నట్లు తోస్తుంది. గొంతు తగ్గిపోతుంది, కానీ తాను మామూలుగానే మాట్లాడుతున్నానని రోగి నమ్ముతాడు. ఎదుటివారు వినిపించడం లేదంటే వారికే చెవుడు వచ్చిందనుకుంటాడు. చాలా ఇళ్లలో తగవులకు కారణమయ్యే ఈ మార్పు మనసుది కాదనీ, కండరాలదనీ తెలిస్తే సగం బాధ తీరుతుంది. గొంతు పెంచి మాట్లాడటం నేర్పే స్పీచ్ థెరపీ ఉంది, అది పనిచేస్తుంది కూడా. కానీ ఆ సాధన రోగి రోజూ మాట్లాడే భాషలో, ఆ భాష పదాలతో, వాక్యాలతో జరగాలి. తెలుగులో ఆ సేవలందించే నిపుణులు ప్రధానంగా పెద్ద నగరాలకే పరిమితం.

మాత్ర వేళే మనిషి వేళ

పార్కిన్సన్స్ చికిత్సలో నేటికీ ప్రధానమైన మందు లెవోడోపా. మెదడులో అది డోపమైన్‌గా మారుతుంది. ఈ మందుకు దక్షిణ భారతంతో పాత సంబంధమే ఉంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దూలగొండి గింజల నుంచి ఈ పదార్థాన్ని వేరుచేసి చూపారు. అది పార్కిన్సన్స్‌కు సమర్థమైన చికిత్సగా స్థిరపడింది మాత్రం 1967లో, అమెరికాలో జార్జ్ కోట్జియస్ అధిక మోతాదులతో ఫలితాలు ప్రకటించిన తర్వాతే. దూలగొండి పొడిని నేడు అంగళ్లలోనూ, ఆన్‌లైన్‌లోనూ అమ్ముతున్నారు. మాత్రలో ఉన్న మందే ఆ పొడిలోనూ ఉంటుంది, ఎంత ఉందో మాత్రం కొలత తెలియదు. వైద్యుడికి చెప్పకుండా రెండూ కలిపి వాడితే మోతాదు మించుతుంది.

కార్బిడోపాతో కలిపి ఇచ్చినా లెవోడోపా రక్తంలో సగానికి తగ్గడానికి గంటన్నర చాలు. తొలి ఏళ్లలో మెదడుకు కొంత నిల్వశక్తి ఉంటుంది కనుక రోజుకు మూడు మోతాదులతో రోజంతా సాఫీగా గడుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నిల్వ తరిగిపోతుంది. మందు పనిచేస్తున్నంతసేపు మనిషి తన పనులు తాను చేసుకుంటాడు, ప్రభావం దిగిపోగానే కుర్చీలోంచి లేవలేడు. వైద్యులు ఈ రెండు స్థితులను ‘ఆన్’, ‘ఆఫ్’ అంటారు. ఒకే మనిషి ఉదయం పది గంటలకు సంతకు వెళ్లగలిగి, పన్నెండు గంటలకు మంచినీళ్ల గ్లాసు అందుకోలేకపోవడం ఈ వ్యాధిలో సహజం. ఇరుగుపొరుగు దాన్ని నటన అనుకుంటారు.

కాబట్టి ఈ వ్యాధితో మెరుగ్గా జీవించడమంటే మొదట మాత్ర వేళను కాపాడుకోవడం. భోజనానికి కనీసం అరగంట ముందు, లేదా గంట తర్వాత లెవోడోపా వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తులున్న ఆహారం కొందరిలో ఈ మందుకు అడ్డుపడుతుంది. అలాంటివారు వాటిని పూర్తిగా మానేయకుండా, వైద్య సలహాతో ఎక్కువ భాగాన్ని రాత్రి భోజనానికి మార్చుకోవచ్చు. మందు ఎప్పుడు పనిచేసింది, ఎప్పుడు దిగింది, కాళ్లు చేతులు అనవసరంగా మెలికలు తిరిగింది ఏ వేళ అన్నది వారం రోజులు పుస్తకంలో రాసి తీసుకెళ్తే, పది నిమిషాల సంప్రదింపులోనూ వైద్యుడు మోతాదును సరిచేయగలుగుతాడు. మందును హఠాత్తుగా ఆపడం మాత్రం ప్రమాదకరం. తీవ్ర జ్వరం, ఒళ్లంతా కొయ్యబారడంతో ప్రాణాల మీదకు రావచ్చు.

విచిత్రమేమిటంటే, మాత్ర వేళ ఎక్కువగా తప్పేది ఆసుపత్రిలోనే. తుంటి ఎముక విరిగో, డెంగీ జ్వరంతోనో చేరిన రోగికి వార్డులో మందులు పంచే వేళకే మాత్ర అందుతుంది. రెండు మూడు గంటల ఆలస్యంతో మింగే శక్తి కూడా తగ్గుతుంది. బ్రిటన్‌లో పార్కిన్సన్స్ యూకే సంస్థ 2006 నుంచి వేళకు మందు ఇవ్వాలన్న ఒక్క అంశంపైనే ఆసుపత్రులలో ప్రచారం సాగిస్తోంది. మన దేశంలో ఆ బాధ్యత పూర్తిగా మంచం పక్కన ఉన్న కుటుంబ సభ్యుడిదే. చేరిన వెంటనే మందుల వేళల పట్టికను కేస్ షీటుకు జతచేయించడం, వాంతులకు మెటోక్లోప్రమైడ్, కలవరింతకు హాలోపెరిడాల్ వంటి మందులు పడవని నర్సుకు, వైద్యుడికి ముందే చెప్పడం ఆ కుటుంబం చేయగల ముఖ్యమైన పని.

ఈ జాగ్రత్త ఆసుపత్రి బయట కూడా అవసరం. గ్యాస్ట్రిక్ సమస్యకు ఇచ్చే కొన్ని మాత్రలలో లెవోసల్పిరైడ్, తల తిరుగుడుకు ఇచ్చే వాటిలో సినరిజిన్, ఫ్లూనరిజిన్ ఉంటాయి. ఇవి ఉన్న పార్కిన్సన్స్‌ను పెంచగలవు. లేనివారిలోనూ అచ్చం అలాంటి లక్షణాలే తెప్పించగలవు. వృద్ధులలో కొత్తగా బిగుతు, నెమ్మది కనిపిస్తే వారు నెలల తరబడి వాడుతున్న మందులన్నీ సంచితో సహా వైద్యుడికి చూపించడం మేలు.

ఇంటి గడప దగ్గర

మందు తర్వాత అంత విలువైనది కదలిక. వేగంగా నడవడం, సైకిల్ తొక్కడం, యోగా, తై చీ, నృత్యం వంటి క్రమబద్ధమైన సాధనతో నడక, తూకం, మనోస్థితి మెరుగవుతాయని అధ్యయనాలు చూపాయి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ నృత్య బృందం 2001లో పార్కిన్సన్స్ రోగుల కోసం మొదలుపెట్టిన తరగతుల పద్ధతి తర్వాత అనేక దేశాలకు పాకింది. ముంబయి కేంద్రంగా అదే ఏడాది ఏర్పడిన పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ దేశంలోని పలు నగరాలలో రోగులకు, కుటుంబాలకు సహాయక బృందాలను నడుపుతోంది.

నడుస్తూ నడుస్తూ కాళ్లు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోవడం ఈ వ్యాధిలో ఒక ప్రత్యేక లక్షణం. ఇది ఎక్కువగా గుమ్మాల దగ్గర, మలుపుల దగ్గర వస్తుంది. అలాంటప్పుడు చేయి పట్టి ముందుకు లాగితే పడిపోతారు. ఆగి, ఊపిరి తీసుకుని, ఒంటి బరువును ఒక కాలి నుంచి మరో కాలికి మార్చి, ‘ఒకటి, రెండు’ అని లెక్కపెట్టుకుంటూ అడుగు వేయిస్తే కాలు కదులుతుంది. గడప దగ్గర నేలపై అడ్డంగా అంటించిన రంగు టేపు చారలు కూడా ఇందుకు తోడ్పడతాయి. దానంతట అదే సాగవలసిన నడకను మెదడు మరచినా, కంటికి కనిపించే గీతను దాటమంటే చేయగలుగుతుంది.

తెలుగు ఇళ్లలో మార్చుకోవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఎత్తయిన గడపలు, తడి ఆరని స్నానాలగది, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి, కుంగిపోయే నవారు మంచం రోగికి శత్రువులు. గోడకు గట్టి కడ్డీలు, కమోడ్, చేతులున్న ఎత్తయిన కుర్చీ పెద్ద ఖర్చు కాదు. మంచం మీంచి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి తూలుతారు కనుక కాసేపు అంచున కూర్చుని లేవాలి. తినేటప్పుడు తరచూ పొలమారుతుంటే మామూలు విషయంగా తీసుకోరాదు. ఆహారం ఊపిరితిత్తులలోకి పోయి వచ్చే న్యుమోనియా ఈ రోగులలో మరణానికి ప్రధాన కారణాలలో ఒకటి.

మరో విషయాన్ని కుటుంబాలకు ఎవరైనా ముందే చెప్పాలి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు వాడేవారిలో కొందరికి జూదం, విపరీతమైన కొనుగోళ్లు, అదుపులేని లైంగికేచ్ఛ వంటి ప్రేరణలు పుడతాయి. జీవితమంతా పొదుపుగా బతికిన మనిషి ఫోనులో పందేలు కాస్తుంటే అది స్వభావ దోషం కాకపోవచ్చు, మందు ప్రభావం కావచ్చు. సిగ్గుపడి దాచకుండా వైద్యుడికి చెబితే మోతాదు తగ్గించడంతోనో, మందు మార్చడంతోనో చాలామందిలో అది తగ్గుతుంది.

చట్టం ఉంది, దారి ఇరుకు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో పార్కిన్సన్స్ ఉంది. దీర్ఘకాలిక నాడీ సమస్యల కింద దాన్ని చేర్చారు. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం లభిస్తే యూడీఐడీ కార్డు, రాష్ట్ర పింఛను, ప్రయాణ రాయితీల వంటి వాటికి ద్వారం తెరుచుకుంటుంది. పాత ఆదాయపు పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికి రూ.75,000, వైకల్యం 80 శాతం దాటితే రూ.1,25,000 మినహాయింపు ఉంటూ వచ్చింది. ఈ వ్యాధికి ధ్రువపత్రం కోరవచ్చన్న విషయమే చాలా కుటుంబాలకు తెలియదు.

తెలిసి వెళ్లినవారికి ఎదురయ్యే చిక్కు వేరు. వైకల్య పరీక్ష ఒక ఉదయం, కొన్ని నిమిషాలపాటు జరుగుతుంది. మాత్ర వేసుకుని ‘ఆన్’ స్థితిలో నడిచి వచ్చిన మనిషి బోర్డు ముందు ఆరోగ్యవంతుడిలా కనిపిస్తాడు. రోజులో ఐదారు గంటలు కదలలేకపోవడం ఆ గదిలో ఎవరికీ కనిపించదు. తెగిన చేయి, పోయిన చూపు వంటి స్థిరమైన వైకల్యాన్ని కొలిచే అలవాటున్న వ్యవస్థకు గంటగంటకూ మారే వైకల్యం అంతుబట్టదు. అందువల్ల ‘ఆఫ్’ వేళల ఫోను వీడియోలు, వారం రోజుల మందుల పట్టిక, న్యూరాలజిస్టు రాసిచ్చిన వివరాలు వెంట తీసుకెళ్లడం అవసరం. ఈ రెండు స్థితులనూ లెక్కలోకి తీసుకోవాలని బోర్డులకు విస్పష్టంగా చెప్పడం ప్రభుత్వం పని.

పింఛన్ల తీరులోనూ ఇదే లోపం కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛనును రూ.6,000కు పెంచింది. పక్షవాతం వంటి కారణాలతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి రూ.15,000 నిర్ణయించింది. దేశంలోనే మెరుగైన మొత్తాలివి. అయినా మనిషి మంచాన పడ్డాక అండగా నిలవడం ఒకటి, పడకుండా నిలబెట్టడం మరొకటి. పార్కిన్సన్స్ రోగికి డబ్బు విలువ ఎక్కువగా ఉండేది రెండో దశలోనే.

బీమా సంగతీ అంతే. 70 ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా రూ.5 లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ రక్షణను కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. అది ఆసుపత్రిలో చేరితే వర్తిస్తుంది. పార్కిన్సన్స్ రోగి ఖర్చంతా చేరకుండా అయ్యేదే. నెలనెలా మందులు, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ, నగరానికి ప్రయాణం, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి ఏ ప్యాకేజీలోనూ ఉండవు. లెవోడోపా, కార్బిడోపా జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉండటంతో ధర అదుపులోనే ఉంది. వ్యాధి ముదిరి మూడు నాలుగు రకాల మందులు చేరాక నెల ఖర్చు మధ్యతరగతికి కూడా బరువవుతుంది. మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చే శస్త్రచికిత్సకు లక్షల్లో ఖర్చవుతుంది, అది అందరికీ తగినదీ కాదు.

ఈ నిస్సహాయతే వ్యాపారానికి దారి తీస్తోంది. మూల కణాలతో నయం చేస్తామన్న ప్రకటనలు ఆశ పెడతాయి. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో వచ్చిన జపాన్, ఉత్తర అమెరికా ప్రయోగాలు ఈ రంగంలో ముఖ్యమైన ముందడుగు. అయితే అవి ఇరవై మంది లోపు రోగులపై, ప్రధానంగా భద్రతను పరీక్షించేందుకు జరిగినవి. ఆమోదిత ప్రయోగాల బయట పార్కిన్సన్స్‌కు మూల కణాల చికిత్స చేయడాన్ని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు అనుమతించవు. ఆమోదిత ప్రయోగంలో పాల్గొనే రోగి దగ్గర చికిత్సకు డబ్బు తీసుకోరు. లక్షలు అడిగారంటేనే అనుమానించాలి.

రెండో రోగి

ఈ భారమంతా మోస్తున్నది ఎవరు? 2024 నాటి కేంద్ర కాలవినియోగ సర్వే ప్రకారం ఇంట్లోవారి సంరక్షణలో పాల్గొనే మహిళలు రోజుకు 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు అందుకు వెచ్చిస్తున్నారు. పార్కిన్సన్స్ ఉన్న ఇంట్లో ఆ పని రాత్రిళ్లూ ఆగదు. పక్కమీద ఒత్తిగిలించడం, మూత్రానికి లేపడం, భ్రమలో ఎవరో వచ్చారని కలవరిస్తే ఊరడించడం భార్యో, కోడలో, కూతురో చేస్తారు. భార్యకు జబ్బు చేస్తే నేర్చుకుని చేసే భర్తలూ ఉన్నారు. నిద్ర లేక, బయటికి కదలలేక, తిట్లు పడుతూ సంరక్షకులే రెండో రోగిగా మారడం వైద్యులకు తెలిసిన విషయమే.

సంరక్షకులు మొదట చేయవలసింది పనిని పంచడం. దూరాన ఉన్న పిల్లలు డబ్బు పంపడంతో సరిపెట్టకుండా, ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి బాధ్యత తీసుకుంటే ఆ ఇంటి మనిషికి ఊపిరాడుతుంది. నిరాశ, విసుగు హద్దు మీరితే టెలీ మానస్ సహాయవాణి 14416కు తెలుగులోనూ మాట్లాడవచ్చు. వృద్ధుల కోసం 14567 ఎల్డర్‌లైన్ ఉంది. సంతకం మారిపోయి బ్యాంకులో ఇబ్బంది వస్తే, సంతకం చేయలేని అస్వస్థులు సాక్షుల సమక్షంలో వేలిముద్రతో డబ్బు తీసుకునేందుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి. 70 ఏళ్లు దాటినవారికి, దీర్ఘకాలిక వ్యాధి ధ్రువపత్రం ఉన్నవారికి ఇంటివద్దే సేవలందించాలని 2017లోనే ఆ బ్యాంకు ఆదేశించింది. వేలిముద్ర పడని పింఛనుదారులు జీవన్ ప్రమాణ్ పత్రాన్ని ఫోనులో ముఖ గుర్తింపుతో ఇవ్వవచ్చు.

దివ్యాంగుల హక్కుల చట్టం సంరక్షకులను నిర్వచించింది. వేతనం లేకుండా సేవ చేసే కుటుంబ సభ్యులూ ఆ నిర్వచనంలోకి వస్తారు. అధిక సహాయం అవసరమైనవారికి సంరక్షణ భత్యం ఇచ్చే పథకాల గురించి 24వ సెక్షన్ ప్రస్తావించింది. కేరళ ‘ఆశ్వాసకిరణం’ పథకం కింద మంచాన పడినవారిని చూసుకునేవారికి నెలకు రూ.600 ఇచ్చే ఏర్పాటు చేసింది. మొత్తం చిన్నదే. ఇంట్లో చేసే సేవ కూడా పనేనని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం మాత్రం చిన్నది కాదు.

చేయగలిగినవి

2022 మేలో ప్రపంచ ఆరోగ్య సభ 2031 వరకు నాడీ వ్యాధులపై కార్యాచరణ ప్రణాళికను ఆమోదించింది. దాని స్ఫూర్తిని ఇక్కడ అమలు చేయడానికి కొత్త ఆసుపత్రుల కోసం ఎదురు చూడనక్కర్లేదు. రక్తపోటు, మధుమేహం మాత్రలు గ్రామ స్థాయికి చేరుతున్న దారిలోనే, న్యూరాలజిస్టు చీటీ ఆధారంగా లెవోడోపాను కూడా పంపవచ్చు. జిల్లా ఆసుపత్రిలో నెలకొక రోజు ఈ వ్యాధికి కేటాయించి, టెలీమెడిసిన్ ద్వారా పెద్ద వైద్య సంస్థల నిపుణులతో అనుసంధానించవచ్చు. ఒక ఫిజియోథెరపిస్టుకు శిక్షణ ఇస్తే ఒక మండలమంతా లాభపడుతుంది. వైకల్య బోర్డులకు ‘ఆఫ్’ స్థితిని పరిగణించమని ఆదేశించడానికి ఒక ఉత్తర్వు చాలు. సంరక్షకులకు భత్యం, ఏడాదిలో కొన్ని రోజుల విశ్రాంతికి తాత్కాలిక సంరక్షణ ఏర్పాటు కొంత ఖర్చుతో కూడినవే అయినా, తుంటి విరిగి ఆసుపత్రిలో చేరే ఒక్కో వృద్ధుడికి బీమా చెల్లించే మొత్తంతో పోల్చి చూడవలసినవి.

పార్కిన్సన్స్‌కు నేటికీ పూర్తి నివారణ లేదు. కానీ వేళకు మందు, రోజూ వ్యాయామం, ప్రమాదం లేని ఇల్లు, అలసిపోని తోడు ఉంటే నిర్ధారణ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు మనిషి తన పనులు తాను చేసుకోగలడు. ఈ నాలుగింటిలో మొదటి మూడింటికీ నాలుగోది ఆధారం. ప్రస్తుతానికి ఆ తోడును కుటుంబమే, అందులోనూ ఎక్కువగా ఒక్క మనిషే సమకూరుస్తున్నారు. ఆ మనిషికి పింఛను పట్టికలో, బీమా ప్యాకేజీలో, బడ్జెట్ పద్దులో పేరు దొరికిన రోజున ఈ వ్యాధిపై దేశం చేసే చర్చ ఏప్రిల్ 11ను దాటినట్లవుతుంది.